కంభం దాకా రెండు ఫ్యూజులు, గిద్దలూరులో నానీ పాట

గిద్దలూరుకు నేను బయల్దేరింది ఊరు చూడ్డానికి కాదు, ఒక గొంతును వినిపించడానికి. డిగ్రీలో నా పక్క బెంచీ షాహీనాకు పెళ్లి మెహందీ. వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, ఆ వీధిలో ఎవరింట్లో పెళ్లయినా డోలక్ ముందేసుకుని పాడేది. పోయినేడు గొంతు ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప మాట రావడం లేదు. అంతకుముందు షాహీనా ఫోన్లో రికార్డు చేసుకున్న పాటలు మాత్రం మిగిలాయి. ఫోన్లో పెడితే పక్కమనిషికి కూడా సరిగా వినపడవు. "డీజే ఏం వద్దే, నానీ పాటలే కావాల. మీ కారులో పెద్ద డబ్బా ఉంది గదా?" అంది. మా అన్న సరదాపడి పెట్టించుకున్న ఆంప్లిఫయర్, డిక్కీ సగం మింగేసిన బేస్ బాక్సు గురించి ఆ మాట. "పూచీ నాది, ఇంకెవరికీ చెప్పొద్దు" అనేశాను.

మా మార్కాపురం నుంచి తర్లుపాడు, కంభం మీదుగా పోతే గిద్దలూరు గంటన్నర ప్రయాణం. రైలు కూడా ఉంది గానీ, వేళలు మన అవసరాన్ని బట్టి ఉండవు. పొద్దున్నే టిఫిన్ చేసి పోతే ఎండ ముదరకముందే చేరొచ్చు. నేను భోజనం చేసి బయల్దేరాను, ఎందుకంటే పలకరాళ్లు కోసే షెడ్డు నుంచి మా నాయన వచ్చేదాకా అమ్మ తాళాలు ఇవ్వలేదు. నాయన వచ్చినాడు, ఊరికే రాలేదు, నాలుగు పలకరాళ్లు తెచ్చినాడు. "ఖాళీ బండి పోయేదేంది? గిద్దలూరులో మీ పిన్ని వంటింటి గూటికి అడిగింది, ఇచ్చేసి పో" అంటూ డ్రైవర్ సీటు వెనక సందులో నిలబెట్టినాడు. మా ఊరి నుంచి పోయే బండిలో రాయి ఉండటం ఎంత మామూలంటే, దాన్ని ఎవరూ సామాను కింద లెక్కేయరు. నేనూ వేయలేదు.

తర్లుపాడు దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగానో లేదో, కారులో పెట్టుకున్న పాట టక్కున ఆగింది. కారు నడుస్తోంది, టేపులో దీపాలు వెలుగుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన ఆంప్లిఫయర్ తీగకు ఉన్న ఫ్యూజు మాడిపోయి ఉంది. డాష్‌బోర్డు అరలో అన్న దాచిన ముప్పై ఆంపుల ఫ్యూజు ఒకటి దొరికింది. వేస్తే పాట వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోతూ కంభం పొలిమేర దాకా పోయాను. అక్కడ అదీ పోయింది.

కంభంలో ఆటో ఎలక్ట్రికల్ దుకాణం నడిపే మస్తాన్ భాయ్ అప్పుడే నమాజుకు పోయి వచ్చినట్టున్నాడు, నెత్తిన టోపీ ఇంకా ఉంది. నా కథంతా విని మాడిన ఫ్యూజును వెలుతురుకు పట్టి చూశాడు. ఈలోపు పక్కన ట్రాక్టరు ఆపుకున్న పెద్దాయన ఉచితంగా వైద్యం చెప్పాడు. "సిగరెట్ ప్యాకెట్లో తళతళ కాగితం ఉంటాది గదమ్మా, అది చుట్టి పెట్టు. ఇంక జన్మలో పోదు."

"ఫ్యూజు పోదు మామా, బండి పోతాది" అన్నాడు మస్తాన్ భాయ్.

"అరవై ఆంపులది వేస్తే?" అని నేనే అడిగాను. సిగ్గుపడాల్సిన ప్రశ్నే గానీ, అవతల షాహీనా అప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది. "యాడున్నావే? నానీ అప్పుడే కుర్చీ వేయించుకుని కూర్చుండాది!"

"ఆ తీగకు ముప్పయ్యే లెక్క. పెద్దది వేస్తే ఫ్యూజు బదులు తీగ కాలతాది" అంటూ మస్తాన్ భాయ్ కొత్తది పెట్టాడు. పాట మోగింది, పోలేదు. వాల్యూమ్ పెంచాడు, అయినా పోలేదు. "ఏందిది, నన్ను చూసి బుద్ధి తెచ్చుకుందా?" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. "భాయ్, రెండోసారి కూడా కుదుపులోనే పోయింది. నిలబడి ఉంటే పోదేమో!"

ఆయన డిక్కీలో ఆంప్లిఫయర్‌కు వచ్చే కరెంటు తీగ ఊడదీసి, కొసకు నల్ల టేపు చుట్టాడు. "ఇప్పుడు పోనీ. ఇప్పుడు కూడా ఫ్యూజు పోతే తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు, దారిలో తీగది." బడి ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద కారును అటూ ఇటూ ఎక్కించి దించాను. బానెట్ ఎత్తితే ఫ్యూజు మాడిపోయి ఉంది. ఫ్యూజు పోయినందుకు ఇద్దరు మనుషులు అంత సంబరపడటం ఆ ట్రాక్టరు పెద్దాయన ఎప్పుడూ చూసి ఉండడు.

బ్యాటరీ నెగటివ్ విప్పి, తీగ వెంట మ్యాట్లు ఎత్తుకుంటూ వచ్చాం. నా సీటు వెనక మస్తాన్ భాయ్ చెయ్యి ఆగింది. నాయన నిలబెట్టిన రాళ్ల అంచు తీగను సీటు కింది ఇనుప పట్టాకు ఒత్తి, పై తొడుగు కోసేసింది. కుదుపు వచ్చినప్పుడల్లా రాయి ఊగడం, లోపలి రాగి ఇనుముకు తగలడం, ఫ్యూజు పోవడం.

మస్తాన్ భాయ్ పడీపడీ నవ్వాడు. "మార్కాపురం వాళ్లు బండెక్కితే రాయి కూడా ఎక్కాల్సిందేనా అమ్మా?"

"రాయి లేకుంటే మమ్మల్ని ఊళ్లోకి రానీయరు భాయ్" అన్నాను.

తెగిన ముక్క కోసేసి, కొత్త తీగ అతికి, రబ్బరు గొట్టం తొడిగి, రెండో వైపు నుంచి లాగాడు. ఫ్యూజులతో కలిపి ఐదు వందలలోపే అయింది. రాళ్లను గోతాం పరిచి తీగ లేని పక్క పడుకోబెట్టాం. మళ్లీ అదే స్పీడ్ బ్రేకర్, ఈసారి పాటతో సహా. ఆగలేదు. వీలుంటే మీరు కంభం చెరువు కట్ట మీద కాసేపు ఆగండి. నేను కిటికీలోంచి చూసి దండం పెట్టుకుని పోయాను.

గిద్దలూరు చేరేసరికి వీధిలో చాపలు పరిచి ఉన్నాయి, షాహీనా మోచేతుల దాకా గోరింటాకుతో కదల్లేకుండా కూర్చుని కళ్లతోనే నన్ను తిట్టింది. డిక్కీ తెరిచి, షాహీనా ఫోన్ కలిపి పాట పెట్టాను. నానీ గొంతు ఇంటి గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. చాపల మీది ఆడవాళ్లు కారు దగ్గరికి జరిగారు. ఒక పాట మధ్యలో ఆ గొంతే ఆగి, "ఫోన్ దూరంగా పెట్టవే, ముక్కుకు తగలతాంది" అని కసిరింది. అందరూ గొల్లున నవ్వారు. నానీ కూడా, శబ్దం లేకుండా, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చెవిలో గుసగుసలాడింది. "ఇంకొంచెం పెంచు బేటీ. ఆ మూలింటి ఖాజాబీకి వినపడాల. నాకంటే బాగా పాడతానని చెప్పుకుంటాంది."

పెంచాను. ఫ్యూజు పోలేదు.

రాళ్లు పిన్నికిచ్చేసి వస్తుంటే, తిరుగు దారిలో పాటలు పెట్టలేదు, పెట్టాలనిపించలేదు. ఇంట్లో కూర్చుంటే కాళ్లు పీకే నాలాంటి దానికి దారి ఎంత దూరమైతే అంత బాగుంటుంది. ఆ రోజు మాత్రం చేరడమే బాగుందనిపించింది. కంభంలో అరవై ఆంపులది వేయించుకుని ఉంటే తీగ కాలి ఎక్కడ ఆగేదాన్నో! మీరు ఇటువైపు కారులో వస్తుంటే ఒకటే మాట: ఫ్యూజు రెండోసారి పోయిందంటే మూడోది వేయకండి, తీగ ఎక్కడ నలుగుతోందో ముందు వెతకండి. బండి మార్కాపురానిదైతే, రాళ్ల కింద మొదలుపెట్టండి.