బావ రిటైరయ్యేలోపట

ఫోన్ల మాట్లాడిన పిల్ల గొంతు మస్తు మెత్తగుండె. "మేడం, మీ అప్పులన్నీ సగానికి తగ్గిస్తాం. బ్యాంకులతో మేమే మాట్లాడుకుంటాం. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నది. నన్ను మేడం అని పిలిచినోళ్లు అప్పటిదాంక ఎవ్వరు లేరు. నిశ్చింతగ ఉండమన్నోళ్లు అసలే లేరు. ఫోన్ పెట్టేసి మా ఇంటాయనతోని "ఇగ మన బాధ తీరినట్టే" అన్న. ఆయన తలకాయ ఊపిండు. ఆయన దేనికైనా ఊపుతడు.

మేము గోదావరి ఒడ్డున బొగ్గుబాయి కాలనీల ఉంటం. ఆయన బాయిల పనిచేస్తడు. మా తల్లిగారిది ఖానాపూర్ దిక్కు. అక్కడ జర జాగ కొని ఇల్లు మొదలుపెట్టినం. గోడలు లేచినయి గని స్లాబు పడకముందే పైసలు ఒడిసినయి. కాలనీ బ్యాంకుల లోను తీసినం. అది సాలక కార్డు గీకినం. కార్డు కట్టెతందుకు ఫోన్ల యాప్ లోన్లు తీసినం. ఇల్లు అట్లనే ఉన్నది, గోడల మీద నాచు పట్టుకుంట.

కాలనీ బ్యాంకు లోనుకు మా పక్క క్వార్టర్ బావ జామీను పెట్టిండు. సొంత బావ కాదు. మా ఆయనది, బావది ఒకటే షిఫ్టు, కలిసి బాయి దిగేటోళ్లు, కలిసి ఎక్కేటోళ్లు. బాయి మీద జామీను ఎట్లుంటదంటే, చాయ్ తాగుకుంటనే సంతకం పెట్టేస్తరు. ఎంత లోను, ఎందుకు అని అడుగుడు నామోషి. మా ఆయన గూడ ఎంతమందికో పెట్టిండు.

బావ భార్యను నేను అక్కా అంట, ఆమె నన్ను చెల్లె అంటది. రెండిండ్ల నడుమ నడుమెత్తు గోడ. పొద్దుగాల ఆమె కూర ఇటొస్తే మాపటికి నా గిన్నె అటు పోతది. గిన్నెను ఉత్తగ తిరిగియ్యద్దని మా దిక్కు పట్టింపు. ఏం లేకుంటె ఇంత చక్కెరన్న, ఓ పువ్వన్న ఏసి ఇయ్యాలె. ఉత్త గిన్నె పగోళ్లకు గూడ ఇయ్యరు.

ఆ ఫోన్ల పిల్ల కంపెనోళ్లు చెప్పినట్టే చేసినం. కిస్తులన్నీ ఆపమన్నరు, ఆపినం. బ్యాంకోళ్ల ఫోన్లు ఎత్తద్దన్నరు, ఎత్తలే. జీతం పడే ఖాతా మార్చమన్నరు, అదీ మార్చినం. వాళ్ల ఫీజు మాత్రం నెలనెలా టయానికి గుంజుకున్నరు. లోన్ల కాయిదాలన్నీ పంపమంటే కాలనీ బ్యాంకుది గూడ పంపినం. జామీను సంగతి వాళ్లు అడగలే, మేము చెప్పలే. మాకది అప్పు లెక్కలకు రాదు. జామీను అంటే దోస్తానా, దాన్ని ఎవరన్న అప్పుల రాస్తరా అనుకున్నం.

ఒకనాడు పొద్దుగాల అక్క గోడకాడికి వచ్చింది. "చెల్లె, మీ బావ జీతంల నుంచి పైసలు కట్ అయినయట. బ్యాంకుల అడిగితే మీ లోను అన్నరు. ఏదో తప్పు పడ్డట్టున్నది, జర కనుక్కోరాదు" అన్నది. కోపంగ గాదు, మామూలుగనే అన్నది. మేం కిస్తు ఆపితే జామీను పెట్టినోళ్ల జీతం పట్టుకుంటరని నాకు అప్పుడు సమజైంది.

కంపెనీకి ఫోన్ చేసిన. ఆ మెత్తగొంతు పిల్ల లేదు, ఇంకెవడో ఎత్తిండు. "జామీను ఉన్న సంగతి ముందే చెప్పాల్సింది మేడం" అన్నడు. మాకు మీ సోపతి వద్దు, ఫీజు వాపసియ్యమన్న. "ఫీజు వాపసు ఉండదు మేడం, అగ్రిమెంట్లో ఉంది" అన్నడు. నీ మేడం మీద మన్ను వొయ్య అని ఫోన్ పెట్టేసిన. ఒక్క లోను తగ్గియ్యలే, ఒక్క బ్యాంకుతోని మాట్లాడలే. దేనికి తీసుకున్నరు ఫీజు?

తెల్లారంగనే మల్ల కిస్తులు షురూ చేసినం. కాని ఆపిన నెలలది, దానిమీద వడ్డీ, అప్పటికే బావ జీతంల కెల్లి పోయింది. ఇంచుమించు మేం కంపెనీకి కట్టిన ఫీజంత. బావేమో బతుకమ్మ పండుగ ఎల్లినంక రిటైరైతుండు. రిటైరైనోళ్లు క్వార్టర్ ఖాళీ చేసి పోవాలె. ఆయన పోయేలోపట ఆ ఫీజు వాపసు తెచ్చి అక్క చేతుల పెట్టాలె. నాకు ఇంకో పైసకు దారి లేదు, ఇంకో ఆశ లేదు. వేములవాడ రాజన్నకు కోడె కడతనని మొక్కిన.

కరీంనగర్‌ల కంపెనీ ఆఫీసు ఉన్న జాగకు పోతే తాళం ఉన్నది. కింద జిరాక్స్ షాపాయన "ఖాళీ చేసిండ్రమ్మా, మీలెక్క శానమంది వస్తున్నరు" అన్నడు. పోలీసులకాడికి పోయినం. సంతకం మీరే పెట్టిండ్రు గదా, కన్స్యూమర్ కోర్టుకు పోండ్రి అన్నరు. సరే, కోర్టుల కేసేసినం. ఇగ అప్పటినుంచి నా బతుకు వాయిదాల బతుకైంది. బస్సు ఎక్కుడు, కరీంనగర్ దిగుడు, మెట్లమీద కూసునుడు, పేరు ఎప్పుడు పిలుస్తరా అని చెవులు అటే పెట్టుడు. ఇంట్లకెల్లి సద్ది కట్టుకపోయి, తినబుద్ధిగాక మల్ల ఇంటికే తెచ్చేదాన్ని. కంపెనీకి పంపిన నోటీసు తిరిగొచ్చింది. మల్ల పంపిండ్రు.

ఈ నడుమల మా ఆయన షిఫ్టు మార్చుకున్నడు. బావ మొఖం చూడలేక. "నువ్వు దాక్కో, నేను తిరుగుత" అని కసిరిన. పాపం, ఆయన తిండి గూడ సగమైంది, నాకు తెలువదా. గోడమీద గిన్నెలు బందైనయి. కొట్లాట లేదు, మాట లేదు, ఉత్తగనే బందైనయి. బతుకమ్మ నాడు ఏటా అక్క పక్కనే చప్పట్లు కొట్టుకుంట తిరిగేదాన్ని. ఈ ఏడు ఆమె అవుతలి చుట్టుల కలిసింది. నేను బతుకమ్మను పెట్టి ఆడకనే ఇంటికొచ్చిన.

ఆఖరుకు ఒక వాయిదాకు కంపెనీ తరఫున వకీలొచ్చిండు. ఇగ తేలుతదనుకున్న. ఆయన లేచి జవాబుకు గడువు కావాలన్నడు, అంతే, కూసున్నడు. నాకు ఆగబుద్ధిగాలే. లేచి నిలబడి "అయ్యా, మా బావ ఈ నెలాఖరుకు పోతుండు. మీరు గడువిస్తే ఆయనకు నేనేమియ్యాలె" అన్న. జడ్జి సారు నన్ను నెమ్మదిగనే చూసిండు. "మీ బావ ఈ కేసులో లేడమ్మా, కూర్చోండి" అన్నడు. నిజమే, కాయిదాల మీద కంపెనీ ఉన్నది, మేమున్నం. బావ యాడ లేడు. వాయిదా ఆ మీది నెలకు పడ్డది.

రిటైరై దిగిపోయే నాడు బావను బాయికాడి నుంచి డప్పులతోని తోలుకొచ్చిండ్రు. మెడనిండ దండలు. దావత్‌కు రమ్మని షిఫ్టోళ్ల ఫోన్ గ్రూపుల పెట్టిండ్రు. ఇంటికొచ్చి పిలువలే. మా ఆయన డ్యూటీకి పోయిండు. నేను కిటికీల నుంచి చూసిన. పైసలెట్లా ఇయ్యలేకపోతి, తెల్లారి గారెలు చేసి గిన్నెనిండ పెట్టి గోడమీది నుంచి అందిచ్చిన. అక్క తీసుకున్నది. "ఎందుకే ఇన్ని" అన్నది. ఆ ఒక్క మాటకే నాకు ఎంత పానం లేసొచ్చిందో. కడుపునిండ తిన్న ఆ దినం.

క్వార్టర్ ఖాళీ చేసిన నాడు వాళ్ల వాకిట్ల డీసీఎం బండి నిలబడ్డది. మంచాలు, బీరువా, బియ్యం డబ్బ అన్నీ ఎక్కినయి. బావ ముందట కూసున్నడు, ఇటు దిక్కు చూడలే. అక్క మా గేటు కాడికొచ్చింది. "అక్కా, కేసు నడుస్తున్నది. పైసలు రాంగనే నేనే తెచ్చిస్త" అన్న. "మంచిది చెల్లె, పోయొస్తం" అని గిన్నె నా చేతుల పెట్టింది. కడిగి, కొంగుతోని తుడిచి తెచ్చింది. ఉత్త గిన్నె.

బండి పోయినంక గూడ గేటు కాడనే నిలబడ్డ. సామానంత మూటలు గట్టినంక చక్కెర డబ్బ ఏడ దొరుకుతది పాపం అని నాకు నేనే చెప్పుకున్న. కాని వాళ్ల వాకిట్ల చేమంతి చెట్టు విరగబూసి ఉన్నది. ఆమె దాని పక్కపొంటే నడిచొచ్చింది.