చేతికి మార్చుకున్న బ్రేకు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! రెండేళ్ళ పాటు నేను బండి ఎక్కిన ప్రతిసారీ చావుకు భయపడ్డాను, వెనక సీట్లో నా భార్య కరుణ, మా బిడ్డ షారోను కూర్చుని ఉండగా చెమటలు కక్కుకుంటూ నడిపాను, అయినా ఆ భయాన్ని ఒక్కరికి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

నేను బొగ్గు గనిలో పని చేసేవాణ్ణి. ఒక రోజు పైకప్పు నుంచి బొగ్గు పెళ్ళ ఊడి నా నడుం మీద పడింది. ప్రాణం దక్కింది కానీ కుడి కాలు మోకాలి కింద మొద్దుబారిపోయింది, సూది గుచ్చినా తెలియదు, వేళ్ళు పైకి లేవవు. నన్ను గనిలోకి దించకుండా పైన ల్యాంపు రూములో కూర్చోబెట్టారు, దిగే వాళ్ళకు తలకు పెట్టుకునే లైట్లు ఇవ్వడం నా పని. చేతికర్ర లేనిదే అడుగు పడేది కాదు.

అలాంటి దినాల్లో మా సంఘం జరిపిన ఒక స్వస్థత కూటానికి పోయాను. అక్కడ ప్రార్థన జరుగుతుంటే నా కాలు వెచ్చబడినట్టు అనిపించింది, కర్ర పారేసి నాలుగు అడుగులు వేశాను, ఇంక చూడండి, జనమంతా చప్పట్లు, స్తోత్రాలు, ఏడ్పులు! ఎవరో మైకు తెచ్చి చేతికిచ్చారు. "నా కాలు బాగైంది!" అని అరిచాను. ఆ నిమిషాన నేను అబద్ధం చెప్పలేదు సహోదరులారా, నిజంగానే నమ్మాను. కానీ ఇల్లు చేరేసరికి కాలు మళ్ళీ కట్టెలా అయిపోయింది. అప్పుడైనా చెప్పాలి కదా, చెప్పలేదు! చెబితే నేను చిన్నబోవడమే కాదు, దేవుడి పేరే పోతుందని అనుకున్నాను. దేవుడి పరువు కాపాడే పని నా నెత్తిన వేసుకున్నాను, చూశారా నా బడాయి!

ఆ నెలలోనే, భార్యా బిడ్డా కూర్చోవడానికని చెప్పి, నా మోటారు సైకిలుకు వెనక రెండు చక్రాలు, ఇద్దరు కూర్చునే సీటు పెట్టించుకున్నాను. లక్సెట్టిపేటలో ఆ పని చేసిన మెకానిక్ భాయ్ నన్ను చూడగానే అన్నాడు: "అన్నా, గీ కాలుతోని బ్రేక్ తొక్కుడు నీతోని కాదు. దాన్ని చేతికి తెస్త, పరేషాన్ గాకు."

"వద్దు, నా కాలు బాగైంది" అన్నాను. అతను నా కాలి వైపు చూసి, బ్రేకును కాలి దగ్గరే ఉంచి పని ముగించాడు.

కాలి బ్రేకు ఎలా తొక్కేవాణ్ణో తెలుసా? చేత్తో తొడ పట్టుకుని ఎత్తి, పాదాన్ని పెడలు మీద పెట్టి, తుంటి బలంతో అదిమేవాణ్ణి. కొద్ది దూరం పోయేసరికి నడుం విరిగినట్టయ్యేది. పాదం జారిపోతుంటే, ఎవరూ చూడకుండా పాత ట్యూబు ముక్కతో బూటును పెడలుకు కట్టేసేవాణ్ణి. పాస్టరు గారితో బండి మీద మూడుసార్లు నూనె రాయించి ప్రార్థన చేయించాను గానీ మెకానిక్ దగ్గరికి మాత్రం పోలేదు.

ఇంట్లో కరుణకు మాత్రం నా కాలు బాగుకాలేదని తెలుసు. "ఇగో, ఇప్పటికన్న బ్రేక్ చేతికి పెట్టిచ్చుకో, గీ బండి మీద బిడ్డ గూడ వస్తది" అని బతిమాలేది. "సంఘం ముందట బాగైందని చెప్పినోన్ని, ఇప్పుడు ఏ మొకం వెట్టుకొని పెట్టిచ్చుకోవాలె?" అని ఆమె మీద కస్సుమనేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున ముగ్గురం ఆరాధనకు బయలుదేరాం. వాగు వంతెనకు దిగే చోట రోడ్డు బాగా ఏటవాలు. దిగడం మొదలుపెట్టాక చూస్తే, కింద వంతెన మీద పత్తి లోడు ట్రాక్టరు చక్రం పంక్చరై అడ్డంగా ఆగి ఉంది, పక్కన సందు లేదు. పెడలు అదిమాను. ట్యూబు ముక్క తెగింది! పాదం జారి పక్కకు వేలాడింది. కుడి చేత్తో ముందు బ్రేకు పట్టాను, అది ఒక్కటే ముగ్గురి బరువును ఆపలేదు, బండి ఇంకా దిగుతూనే ఉంది. చేయి తీసి కాలు ఎత్తుదామంటే ఆ ఉన్న బ్రేకు కూడా పోతుంది. ట్రాక్టరు దగ్గరికొచ్చేస్తోంది, షారోను నా చొక్కా పట్టుకుని "బాపూ! బాపూ!" అని కేకలు పెడుతోంది.

ఎప్పుడూ బైబిలు భాషలో ప్రార్థించే నేను ఆ నిమిషాన ఇంటి భాషలో గొంతు చించుకున్నాను: "యేసయ్యా, నా కాలు బాగుకాలే! అబద్ధమాడిన! బ్రేక్ అందుతలేదు తండ్రీ, వీళ్ళను బతికియ్యి!"

ఆ ప్రార్థనను దేవుడితో పాటు వెనకున్న కరుణ కూడా విన్నది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. కుడి పక్కకు మనిషి మనిషంతా వంగి, అరచేత్తో ఆ పెడలును అదిమి పట్టింది. బండి ఈడ్చుకుంటూ పోయి, ట్రాక్టరుకు జానెడు దూరంలో ఆగింది. పత్తి నా మొహానికి తగులుతోంది. కరుణ చేతి తోలు లేచిపోయింది, మా ముగ్గురిలో ఇంకెవరికీ గీత పడలేదు. దేవునికే మహిమ!

అక్కడి నుంచి వెనక్కి తిరిగి మెకానిక్ దగ్గరికి పోదామనిపించింది. కానీ చాటుగా బ్రేకు మార్చుకుంటే అది ఇంకో అబద్ధమవుతుంది. కరుణ చేతికి గుడ్డ కట్టి, ట్రాక్టరు వాళ్ళు చక్రం మార్చి దారి ఇచ్చాక, బండిని నడకంత మెల్లగా నడుపుకుంటూ మందిరానికే పోయాను. సాక్ష్యాల సమయంలో లేచి, "నా కాలు బాగుకాలేదు, రెండేళ్ళుగా మిమ్మల్ని మోసం చేశాను" అని చెప్పేశాను.

పాస్టరు గారు దిగి వచ్చి నా భుజం పట్టుకున్నారు. "తప్పు నాది గూడ ఉంది తమ్మీ. నువ్వు గోడ వట్టుకొని నడుసుడు చూసిన గాని అడగలే" అని కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు స్త్రీల వైపు నుంచి ఎస్తేరమ్మ లేచింది. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, ఆ స్వస్థత కూటంలో నా తర్వాత కళ్ళు బాగయ్యాయని సాక్ష్యం చెప్పిన మనిషి. "బిడ్డా, నా కండ్లు గూడ బాగుకాలే" అంది. "నువ్వు చెప్పింది ఇని నేను గూడ గట్లనే చెప్పిన. షుగరు గోలీలు బంద్ వెట్టిన. ఇప్పుడు నీ మొకం గూడ ఆనుతలేదు నాకు."

సహోదరులారా, వాగు దగ్గర కూడా నాకంత భయం వేయలేదు!

మర్నాడే కరుణ ఆమెను బస్సులో మంచిర్యాల కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేను మెకానిక్ భాయ్ ముందు కూర్చుని, కాలు ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ నొప్పి పుడుతుందో మొదటిసారి దాచకుండా చెప్పాను. అతను కాలి బ్రేకు తీగను పైకి తెచ్చి, ఎడమ చేతి క్లచ్చి పక్కనే ఇంకో పిడి బిగించాడు. మొదట అది గట్టిగా ఉండి వేళ్ళు నొచ్చాయి. పిడిని పొడుగు చేసి, నా వేళ్ళకు తగ్గట్టు వంచి, "కండ్లు మూస్కొని పట్టుకో అన్నా, బ్రేకంటే ఎత్కులాడద్దు, చెయ్యి పోంగనే దొర్కాలె" అంటూ పదిసార్లు పట్టించాడు. కుడి కాలు ఆనించుకోవడానికి అంచున్న పళ్ళెం ఒకటి వెల్డింగు చేశాడు. ఆ రోజు నడుం నొప్పి లేకుండా ఇంటికొచ్చాను, దారంతా స్తోత్రం చేస్తూ ఏడ్చాను.

ఎస్తేరమ్మకు ఒక కన్ను దక్కింది. రెండోది పోయింది. ఆ పోయిన కన్ను కోసం నేను ఇప్పటికీ దేవుని దగ్గర మోకరిస్తాను. ప్రతి నెలా ఆమెను నా బండి మీదే డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నాను.

నా కాలు బాగుచేయమని ఈ రోజుకూ అడుగుతున్నాను, ఆయన చేయగలడని నమ్ముతున్నాను, చేసిన రోజున మీకే ముందు చెబుతాను. మీరు కూడా ఆయనను నమ్ముకోండి. మీలో ఎవరైనా బాగైందని చెప్పి లోపల బాధపడుతుంటే, నాలాగా వాగు దాకా పోకండి. ఇప్పుడే, ఈ కూటంలోనే లేచి, ఇంకా నొప్పి ఉందని చెప్పండి. ఆయన మీ మీద అలగడు. మందులు మానేసిన వాళ్ళుంటే బయట బండి దగ్గరికి రండి, నేను డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను.