ఆడకుండానే వచ్చిన కప్పు

ఈ రోజు బుచ్చిరెడ్డిపాలెంలో ఏటా జరిగే బాల్ బాడ్మింటన్ పోటీల ఆఖరి రోజు. మగవాళ్ల ఫైనల్ మధ్యాహ్నమే ముగిసింది. మా ఆడవాళ్ల ఫైనల్‌కు మాత్రం వెంకటాచలం జట్టు రాలేదు. దారిలో బస్సు చెడిపోయిందని కబురొచ్చింది. నేను కూర్చోలేక కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా పోటీలు నడిపే పెద్దాయన కప్పు తెచ్చి, "వాళ్లు రాలేదు కాబట్టి మీరే గెలిచినట్టమ్మా, తీసుకోండి" అన్నారు. నేను చెయ్యి చాచాను. మా కెప్టెన్ గ్రేసక్క నన్ను వెనక్కి లాగింది.

"ఆడకుండా కప్పు ఎత్తుకోనిపోయి ఏం చేసుకునేది సార్? ఇంకాసేపు చూస్తాం."

"చీకటి పడితే ఎట్టమ్మా?"

"పెట్రోమాక్స్ లైట్లు ఉండాయి గదా!"

చివరికి వాళ్లు వడ్ల లారీ ఎక్కి వచ్చారు. దుమ్ము కొట్టుకుపోయిన చీరలతోనే కొంగులు బిగించి, మమ్మల్ని చిత్తుగా ఓడించారు. ఆట అయ్యాక గ్రేసక్క నవ్వుతూ వాళ్లకు మజ్జిగ పోసింది.

అక్క చేసింది న్యాయమే, కాదనను. అయినా ఇంటికొచ్చి ఇంతసేపైనా నా మనసు కుదుటపడలేదు, అన్నం కూడా నిలబడే తిన్నాను. నిజం చెప్పండి, మీరైతే ఆ కప్పు తీసుకునేవాళ్లు కాదా?