అడుగున తడి

"ఈ గాలి ఆకుల్నే ఇలా ఎండబెడుతుంటే, నా పాపనేం చేస్తుంది మక్‌చిక్?"

కుండీ ముందు గొంతుక్కూర్చున్న సల్బియా తల తిప్పలేదు. కౌలాలంపూర్‌లో మా నీటి పరీక్షల ఆఫీసు పదకొండో అంతస్తులో ఉంది. ఏసీ రాత్రీ పగలూ ఆగదు. మొక్కల కుండీలన్నీ అద్దెవి. వాటిని చూసుకోవడానికి అద్దె కంపెనీ తరఫున వారానికి రెండుసార్లు ఆమె వచ్చేది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆ వయసు ఆడవాళ్ళని మా మలయ్ వాళ్ళం పిన్నీ అన్నట్టుగా మక్‌చిక్ అంటాం.

"పాలు తాగుతోందా?"

"తాగుతోంది. పెదాలే ఎండుతున్నాయి. చెంచాతో నీళ్ళు పట్టనా అని..."

"ఐదు నెలల పిల్లకి నీళ్ళా? దాహం దానికా, నీ భయానికా? ఇంతింత చదివారు! ఇక్కడా అంతే. ఆకు కొస మాడిందంటే చెంబెడు కుమ్మరిస్తారు. ఆ మూల సీటు పుణ్యాత్ముడైతే మిగిలిన కాఫీ కూడా పోస్తాడు."

పీస్ లిల్లీ మొక్కని కుండీలోంచి లాగి చూపించింది. ఆకుల అంచులు కాగితంలా గరగరలాడుతున్నాయి. వేళ్ళు మాత్రం నల్లబడి, మెత్తగా, కుళ్ళు వాసన.

"పైన గాలి తాగేస్తుంది. కింద చల్లమట్టి నీళ్ళు వదలదు. ఎండి చస్తోందంటారు మీరు. మునిగి చస్తోంది."

కుళ్ళిన వేళ్ళు కత్తిరించి లిల్లీని మళ్ళీ నాటింది. కుండీలను ఏసీ గాలి తగలకుండా నాలుగడుగులు జరిపింది. ఆయాసపడింది.

ఆమె పెదాలూ పగిలే ఉండేవి. వచ్చినప్పుడల్లా గ్లాసు నిండా ఐసు వేసి గులాబీ షర్బత్ ఇచ్చేదాన్ని. గ్లాసును వేలితో తాకి, ఆ వేలు పెదవికి ఆనించి పక్కన పెట్టేసేది. ఇచ్చింది ముట్టకుండా వెళ్తే దారిలో కీడు జరుగుతుందని మా నమ్మకం. అందుకే తాకుతోంది, తాగడానికి మొహమాటం అనుకున్నాను. ఆ రోజు పట్టుబట్టాను.

ఒక్క గుక్కలో తాగేసింది. ఐసు ముక్కలు కూడా నమిలింది.

"ఎన్నాళ్ళయిందో ఇలా తాగి," అంది.

అప్పుడు చూశాను ఆమె పాదాలు. చెప్పుల పట్టీలు వాపులో కూరుకుపోయాయి.

"గుండె నీళ్ళు తోడలేకపోతోందట తల్లీ. రోజుకి నాలుగు గ్లాసులు దాటొద్దన్నారు. ఎవరికీ చెప్పకు. నీళ్ళ డబ్బాలు మొయ్యలేనని తెలిస్తే పని మాన్పించేస్తారు."

"మరెందుకు తాగారు?"

"అంతలా బతిమాలావుగా."

నేనెవరికీ చెప్పలేదు. ఆమె ఇంకో ఐదు వారాలు నీళ్ళ డబ్బాలు మోసింది.

తర్వాత ఆమెని ఆస్పత్రిలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి ఊపిరితిత్తుల నిండా నీరు. కూతురు తడి దూదితో పెదాలు అద్దుతోంది. నన్ను చూసి సల్బియా అడిగింది, "లిల్లీకి ఎవరైనా పోస్తున్నారా?"

"నేను పోస్తున్నాను."

"పోసే ముందు రెండో కణుపు దాకా వేలు దింపి చూడు. అడుగున తడి ఉంటే, పైన ఎంత ఎండినా పొయ్యకు."

మర్నాడు పోయింది.

ఒక్క గ్లాసు మనిషిని చంపదని చదువుకున్నదాన్నే. కానీ నోరు మూసుకున్న ఐదు వారాలున్నాయి. వాటికి ఏ చదువూ జవాబు చెప్పదు.

ఇంట్లో పాప మంచాన్ని ఏసీకి ఎదురు లేకుండా జరిపాను. పెదాలు ఎండినట్టు కనిపిస్తే ముందు తడిసిన డైపర్లు లెక్కపెడతాను, తర్వాతే కంగారు. ఆఫీసులో లిల్లీ అంచులు ఇంకా మాడుతూనే ఉన్నాయి. చెంబు పట్టుకెళ్ళి, మట్టిలో వేలు దింపుతాను. తడి తగిలితే చెంబు వెనక్కి తెచ్చేస్తాను.