హవల్దారు గారి ఎడమచేయి

మా హవల్దారు గారు గత మంగళవారం మధ్యాహ్నం రాజమహేంద్రవరంలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. పక్షవాతం వచ్చి, కుడివైపూ మాటా పడిపోయిన తొమ్మిదో రోజది. ఆ రోజులన్నీ ఆయన నన్ను ఏదో అడుగుతూనే ఉన్నారు. అదేమిటో నేను తెలుసుకోలేకపోయాను. పాఠకులతో ఈ నాలుగు మాటలూ చెప్పుకోవడానికి కారణం అదే.

సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసి పదవీ విరమణ పొందాక, ఆయన మా పోలీసు ఆయుధశాలకు శిక్షకులుగా వచ్చారు. నేను అక్కడ మెకానిక్కును. పగలు పనిచేసి, రాత్రి కళాశాలలో చదివి, ముప్పై ఆరవ ఏట పట్టా పొందినవాడిని. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎన్నడూ సంకోచించలేదు. కొత్త రైఫిళ్లతో వచ్చిన ఆంగ్ల పుస్తకాన్ని ఆయనకు చదివి వివరించేవాడిని నేనే. ఆయన కళ్లు మూసుకొని వినేవారు.

"పుస్తకం బాగానే చెప్పిందండి పట్టభద్రులు గారూ. ఇప్పుడు ఇనుమేమంటుందో విందాం" అనేవారు.

పనికి ముందు బల్లమీద ఉతికిన తెల్ల పంచె పరిచేవారు. రైఫిలు పై సగాన్ని, అంటే బ్యారెలూ బోల్టూ కూర్చునే భాగాన్ని, దానిమీదే కూర్చేవారు. చిన్న స్ప్రింగు ఎగిరిపడినా తెలుపు మీద కనబడుతుంది. మధ్యలో టీ వస్తే ముట్టేవారు కారు. పని ముగిశాక, చల్లారిపోయిన ఆ టీని మీగడతో సహా తాగేవారు.

తొలి ఏడాది నేనొక తప్పు చేశాను. మాది కోనసీమ. మా ఇళ్లలో తలుపు బందుకైనా, సైకిలు గొలుసుకైనా, తలకైనా ఒకటే నూనె. వానాకాలపు గాలికి తుప్పు పడుతుందన్న భయంతో, గురి చూసే దుర్భిణి, అంటే స్కోపు, కూర్చునే పట్టీకీ స్క్రూలకీ కొబ్బరినూనె పల్చగా రాసి బిగించాను. మర్నాడు ఫైరింగ్ రేంజిలో మొదటి గుళ్లు సరిగానే తగిలాయి. తర్వాతవి పక్కకు జరగసాగాయి. కాలుస్తున్న కానిస్టేబులు తన గురే చెడిందనుకొని తల దించుకున్నాడు. హవల్దారు గారు రైఫిలు అందుకొని, ఖాళీ చేసి, స్కోపు దగ్గర ముక్కు పెట్టారు.

"ఏంటయ్యా ఇది? తుపాకీకి తలంటు పోశావా?"

"తుప్పు పడుతుందనండి..."

"పడితే గీకుతాం. జారితే ఏం చేస్తాం? రేపు నిజంగా గుళ్లొచ్చేచోట నిలబడేది నువ్వా, నేనా? ఇదిగో, ఈయన. నీ బిగింపు నమ్ముకుని నిలబడతారు."

తర్వాత కానిస్టేబులు వైపు తిరిగి, "మీ గురి బాగానే ఉంది. తప్పు మాదండి బాబూ" అన్నారు. అది నేను చెప్పవలసిన మాట.

ఆ సాయంత్రమే అంతా విప్పి, స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి మళ్లీ కూర్చాను. రెంచి నా చేతిలో ఉంది. నా మణికట్టు ఆయన చేతిలో ఉంది. "బిగించడం ఎద్దుకైనా వస్తుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే పనివాడు" అన్నారు. ఈనాడు నలుగురిలో నాకున్న కాస్త పేరూ ఆ పట్టు చలవే.

ఆసుపత్రిలో నన్ను చూడగానే ఆయన ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో తిప్పడం మొదలుపెట్టారు.

"ఫ్యాను తగ్గించమంటారా అండి?"

కాదన్నట్టు తల కదిలింది. మంచం తల ఎత్తించాను. సెలైను చూడమని సిస్టరును పిలిచాను. అదీ కాదు. గ్యాసు కట్టేయలేదేమోనని ఆయన భార్య, మా అమ్మగారు, ఆటోలో ఇంటికి వెళ్లి చూసి వచ్చారు. కట్టేసే ఉంది. కాగితం ఇస్తే వంకర గీతలు పడ్డాయి. అన్ని స్కోపులూ మళ్లీ సరిచూశానని చెప్పాను. కళ్లు మూసుకున్నారు. కాసేపటికి మళ్లీ వేళ్లు తిరిగాయి. చివరికి స్క్రూడ్రైవరు తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని దుప్పటి మీద వదిలేసి నావైపు జాలిగా చూశారు.

"ఇన్నేళ్లు పక్కనే ఉన్నారు కదండీ, మీకైనా తెలియదా?" అన్నారు అమ్మగారు.

నేను దుప్పటి మీది స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకున్నాను.

ఎనిమిదో రోజున, ఆ కదలికకు సూది ఊడిపోతోందని సిస్టరు ఆ చేతిని మెత్తని గుడ్డతో మంచం కమ్మికి కట్టింది. "మెల్లిగా కట్టమ్మా" అన్నాను. అంతకుమించి నా వల్ల ఏమీ కాలేదు. ఆయన నావైపే చూస్తున్నారు. కట్టు లోపల ఆ రెండు వేళ్లూ తిరుగుతూనే ఉన్నాయి.