ఎనిమిది లేని సంఖ్య

తడి షాబాద్ బండ మీద సుద్దముక్క అరిగిన వాసన ఎక్కడ తగిలినా, నా వయసులోంచి పాతికేళ్లు జారిపోయి, నాచారంలోని మా రేకుల ఇంటి గడపలో నిక్కరేసుకుని కూలబడతాను. ఎండాకాలం ఆ రేకులు ఎంత కాగేవంటే, అమ్మ అప్పడాలు పొయ్యి మీద కాక ఇంటి మీద వేయిస్తుందని బడిలో చెప్పేవాణ్ణి. సగం మంది నమ్మారు, మిగతా సగం అప్పడాలు అడిగారు.

దసరాకు మటన్ ఉడుకుతున్నా, సంక్రాంతికి సకినాలు బట్ట మీద ఆరుతున్నా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బాపు మా గోలీలాట ఆపి వాకిట్లో బండ మీద ఒకే సంఖ్య రాసేవాడు: 12345679. అందులో ఎనిమిది ఉండదు.

"నీకు ఏ అంకె ఇష్టంరా?"

ఐదంటే, ఐదు తొమ్ముల నలభై ఐదుతో హెచ్చవేయించేవాడు. గుణకారం వాకిలంతా పాకి, గేటు దాటి, చర్లపల్లి వైపు బయల్దేరబోతుండగా, పెండ్లి బంతిలో కూర్చున్నట్టు వరుసగా తొమ్మిది ఐదులు వచ్చేవి.

"అండ్ల ఎనిమిది పెట్టినవనుకో, గీ సోకంత పోతది" అనేవాడు.

కిరాణా కొట్టు మల్లేశం మామ దాన్ని తన కాలిక్యులేటర్ మీద కొట్టి చూశాడు. ఎనిమిది అంకెలే పట్టే ఆ డబ్బా E అని గుడ్లు తేలేసింది.

"నీ లెక్కకు నా మిషనే సచ్చింది బావా!"

"దాని కడుపు సిన్నదిరా బామ్మర్ది" అన్నాడు బాపు.

అలా మా ఇంట్లో ఎనిమిదికి ప్రవేశం లేకుండా పోయింది. సకినాలు పంచేటప్పుడు కూడా బాపు ఏడు తర్వాత తొమ్మిదే అనేవాడు. దాగుడుమూతల్లో నేనూ అంతే. దొంగాటని తిట్టిన పిల్లలతో ఉప్పల్ దాకా తగాదాలు.

నేను పదో తరగతికి వచ్చిన వానాకాలం బాపుకు పక్షవాతం తాకింది. కాలూ చెయ్యీ మెల్లగా తిరిగొచ్చాయి. మతి వచ్చిందో లేదో మాత్రం అంతుపట్టలేదు; అందరినీ చూసి నవ్వేవాడు, ఎవరి పేరూ పలికేవాడు కాదు. ఉప్పల్ దవాఖానాలో డాక్టరు ఒకటి నుంచి లెక్కపెట్టమన్నాడు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఐదు... ఆరు... ఏడు..." బాపు ఆగాడు.

"ఎనిమిది" అన్నాడు. తొమ్మిది, పది కూడా అన్నాడు.

"శభాష్!" అని డాక్టరు బల్ల చరిచాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏందమ్మా, మంచిగ చెప్పిండు గదా, ఏడుస్తవేంది?"

ఏమని చెప్పుకోవాలి? మా ఆయన ఒక్క తప్పూ లేకుండా లెక్కపెట్టాడు, కాపాడండి సారూ అనా?

ఇంటికి వచ్చాక సుద్దముక్క అమ్మే చేతికిచ్చింది. బాపు 123456789 అని నిండుగా రాశాడు. తొమ్మిదితో హెచ్చవేయడం చెయ్యి మరిచిపోలేదు. 1111111101 వచ్చింది. ఆ ఒకట్ల వరుసలో దూరిన సున్నాను వేలితో తడిమాడు.

"గిదేడికెల్లి వచ్చింది?"

"ఉండనియ్యి, మంచిగనే ఉన్నది" అంది అమ్మ.

రాష్ట్రం వచ్చేనాటికి బాపు లేడు. ఆ ఇంటి చోట అపార్ట్‌మెంటు లేచింది. మల్లేశం మామ కొట్టు పోయింది, వాకిళ్లూ పోయాయి. ఇప్పుడు మా ఇంట్లో అందరం ఒకటి నుంచి పది దాకా సక్రమంగా లెక్కపెడతాం.