ఉప్పునీటి తొట్టిలో కలుపు

మా ఆయన పక్షవాతంతో పడిపోయి, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మంచం హాల్లో వేయించాను. గదిలో వేస్తే గోడ తప్ప ఏమీ కనబడదు. హాల్లో అయితే కాళ్ల వైపు, ఎదురుగా, ఆయన చేపల తొట్టి ఉంటుంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయాయి. మాట పోలేదు, అదృష్టవంతులు అన్నారు బెంగళూరు డాక్టర్లు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పట్లో ఎవరేం చెబితే అదే అనుకునేదాన్ని.

తొట్టి సంగతి చెప్పాలి. అది మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీటిది. తాగేనీళ్లకే ఇంటింటి ముందూ బిందెలు వరుసపెట్టే కేజీఎఫ్ వీధిలో ఈయనగారు ఒక ముక్క సముద్రం పెట్టుకున్నారు. వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లతో నీళ్లు మోసుకొచ్చి, అందులో ప్యాకెట్ ఉప్పు కలిపి, కరెంటు పోతే పంపు ఆగకుండా బ్యాటరీ కూడా పెట్టారు. ఇంట్లో ఫ్యాన్ ఆగినా ఫరవాలేదు, అది మాత్రం ఆగకూడదు. ఏళ్ల తరబడి పొద్దున రైల్లో బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చిన మనిషి, కాళ్లు కడుక్కుని నేరుగా పోయి దాని ముందు కూర్చునేవారు. నన్ను కాకుండా దాన్నే చేసుకోవాల్సింది మీరు అని సాధించేదాన్ని.

అందులో ఎడమ చివర ఒక రాతి మీద ఆకుపచ్చ పగడం ఉండేది. బొటనవేలంత ముక్క తెచ్చి పళ్లెమంత పెంచారు. చుట్టాలొస్తే చేపలకంటే ముందు దాన్నే చూపించేవారు. దాని వేళ్లలో ఒకటి ముడుచుకుంటే ఆయనకు అన్నం సహించేది కాదు.

మేము ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ చేపలకు మేత వెయ్యమని పక్కింటివాళ్లకు చెప్పాను. వాళ్లు పాపం, పెళ్లి భోజనం పెట్టినట్టు పెట్టారు. తిరిగొచ్చేసరికి నీళ్లు మురికిపట్టి, రాళ్ల సందుల్లో కలుపు మొలిచి ఉంది. కలుపు అన్నది ఆయన మాట. నిజానికి అది మొక్క కాదు, ప్రాణి. గోధుమరంగు కాడ, పైన గొడుగులా చుట్టూ వేళ్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ వేళ్లకు విషముంది. పక్కనున్న పగడాన్ని కుట్టికుట్టి చంపి, ఆ చోటు కూడా తనే తీసుకుంటుంది.

మాది మాస్తి దగ్గర పల్లె. రాగి చేలో కలుపు తీసిన చేతులు నావి. పట్టకారు తీసుకుని మొదలంటా పీకేశాను. వారం తిరగకముందే ఒకటున్న చోట గుంపు లేచింది.

"పీకితే తుంపుతుంపూ మొలస్తాది. సున్నం పెట్టల్ల" అన్నారు ఆయన మంచం మీదనుంచి.

సున్నం చిక్కగా కలిపి, సూది లేని సిరంజిలోకి తీసుకుని, అది ముడుచుకునేలోపు సరిగ్గా నోటి మీద పొయ్యాలి. పంపు ఆపాలి, లేకపోతే సున్నం కొట్టుకుపోయి అన్నిటి మీదా పడుతుంది. రోజుకు నాలుగైదుకు మించి చెయ్యకూడదు, నీళ్లు చెడతాయి. అది నా పనుల్లో చేరింది. పక్క మార్చడం, మూత్రానికి డబ్బా పెట్టడం, మందులు, సున్నం. ఏదీ కష్టంగా అనిపించలేదు, అసలేమీ అనిపించలేదు. పడిపోయిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. పళ్ల డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో ఒళ్లంతా అలా ఉండేది.

ఆయన చెయ్యెత్తి చూపించేవారు. "ఆ మూల సూడు, రెండుండాయి. రాయి కింద ఇంగొకటి." ఆయన చూపించిన చోట సున్నం పెట్టేదాన్ని. పక్కకు నా కళ్లు పోయేవి కావు. చెప్పింది చేసేదాన్ని, చెప్పనిది కనబడేది కాదు.

ఒక్క విషయం మాత్రం మనసుకు తగిలేది. నేను తొట్టి దగ్గరుంటే మాట్లాడేవారు, మంచం దగ్గరికొస్తే లేదు. చచ్చుబడిన చేతికి రోజూ నూనె పట్టించాలి కాబట్టి నా కుర్చీ వంటింటి వైపు, ఆయన ఎడమపక్క వేసుకున్నాను. పొద్దునా సాయంత్రం అక్కడే. ఏం మాట్లాడినా "ఊ" అనేవారు, వీధి తలుపు వైపు చూస్తూ. తల ఇటు తిప్పేవారు కాదు. పళ్లెంలో ముద్ద సగం తిని, ఇటుపక్క వేసిన కూర ముట్టకుండా వదిలేసేవారు. బూదికోట నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆమెతో మామిడి కాపు గురించీ పట్టుగూళ్ల రేటు గురించీ గంటసేపు మాట్లాడారు, నవ్వారు కూడా. నేను ఇటుపక్క చెయ్యి పట్టుకుని నూనె రుద్దుతూనే ఉన్నాను.

"అన్న బాగుండాడే వదినా, నువ్వేమిటికి ఇంత బేజారుగా ఉండావు?" అంది పోతూ పోతూ.

ఇన్నేళ్ల కాపురంలో నేను సాధించిందంతా లోపల పెట్టుకుని ఇప్పుడు తీర్చుకుంటున్నారనుకున్నాను. నా మొహం చూడ్డం ఇష్టం లేదు, అంతే. బాధేసింది. అన్నిటి మధ్యా అదొక్కటే బాధ అని తెలిసేది.

ఒకరోజు ఆయన తొట్టంతా కలయజూసి "అయిపోయినాయి, ఇంగ ఒక్కటీ లేదు" అన్నారు. సరే, పాచి పట్టిన అద్దాలు తుడుద్దామని గుడ్డ తీసుకుని పోయాను. కుడి నుంచి తుడుచుకుంటూ ఎడమ చివరికి వచ్చి ఆగిపోయాను. ఆకుపచ్చ పగడం లేదు. తెల్లటి ఎముకల గూడు ఉంది. దాని చుట్టూ, దాని మీదా, గోధుమరంగు గొడుగులు ఒత్తుగా ఊగుతున్నాయి.

ఈయనకు ఎలా చెప్పాలి అనిపించింది మొదట. తర్వాత, ఈయన ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నారు అనిపించింది.

"పచ్చ పగడం ఎట్లుండాది?" అన్నాను తిరక్కుండానే.

"బాగుండాది. అన్నీ బాగుండాయి."

"ఇట్ల సూడండి ఒకసారి."

"యాడ?"

"ఈడ, నేనుండే కాడ."

"యాడుండావు నువ్వు?"

తమాషా చేస్తున్నారేమోనని తిరిగి చూశాను. కళ్లు కుడిమూల వెతుకుతున్నాయి, నిజంగానే వెతుకుతున్నాయి. తొట్టి పొడుగునా మెల్లగా అటు నడిచాను. సగం దాటాక ఆయన చూపు నాకు తగిలింది. "ఆ, ఈడుండావా" అన్నారు. మళ్లీ వెనక్కి నడిచాను. సగం దగ్గర ఆ చూపు నన్ను వదిలేసింది. పిలిచాను. నా గొంతు విని తలుపు వైపు చూశారు.

ఆ మధ్యాహ్నం సగం మిగిల్చిన పళ్లేన్ని ఏమీ అనకుండా అటుది ఇటు తిప్పి పెట్టాను. మిగిలిన ముద్ద, కూర అంతా తిన్నారు. "కూర ముందే ఎయ్యకూడదా?" అని విసుక్కున్నారు. ఎడమ పోయిందంటే చెయ్యి, కాలే అనుకున్నాను నేను. ఎడమపక్క లోకమే లేదు ఆయనకు.

సాయంత్రం సున్నం కలిపి ఆ చివర మొదలుపెట్టాను. ఎవరూ చెయ్యి చూపించలేదు. నేనే ఎంచుకుని, పగడం గూటి మీద ఎత్తుగా ఉన్నవాటికి పెట్టాను. తెల్లటి ముద్ద కింద వేళ్లు ఒక్కసారి ముడుచుకుని, ఇంక విచ్చుకోలేదు. మిగతావి రేపటికి ఉంచాను. పగడం విషయం చెప్పలేదు, చెప్పబోవడం లేదు. ఆయనకది బాగానే ఉంది.

సున్నం కుదురుకునేదాకా పంపు వెయ్యకూడదు. హాలు నిశ్శబ్దమైపోయింది. నూనె గిన్నె తీసుకుని అలవాటు ప్రకారం నా కుర్చీ దగ్గరికి పోయాను. కూర్చోబోయి, కుర్చీ ఎత్తుకుని మంచం చుట్టూ తిరిగి, తలుపు వైపు వేసుకున్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశారు. ఎంతోసేపు చూశారు.

"ఇప్పటికి తీరిందా నీకు?" అన్నారు. "ఇన్నిదినాలు పండుకోనుండానే, ఒక్కనాడైనా వచ్చి పక్కన కూసోలేదే నువ్వు."

రోజూ కూర్చున్నానని నోటిదాకా వచ్చింది. పడిపోయిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"తప్పయింది" అన్నాను.